మేస్త్రీ బస్తియానో మాండొలిన్‌కు శ్రుతి

అచిరెయాలే ఊళ్లో మంగలి కొట్టంటే ఒక అద్దం, ఒక కుర్చీ, గోడకు మేకు, మేకుకు మాండొలిన్. తన వంతు వచ్చేదాకా ఎవరైనా దాన్ని దించి వాయించుకోవచ్చు. ఎందుకు దించావని అడిగేవాడు మా లెక్కలో మంగలే కాడు. మేస్త్రీ బస్తియానో కొట్టులో నలభై ఏళ్లుగా ఇదే పద్ధతి. చేతకానివాళ్లు వాయిస్తుంటే పళ్లు నూరుకునేవాడు గానీ పల్లెత్తు మాట అనేవాడు కాదు.

ఆదివారం మనవరాలు అగ్రిప్పినా పెళ్లి. పెళ్లికూతుర్ని గుమ్మం నుంచి చర్చి దాకా ఆయనే వాయిస్తూ తీసుకెళ్లాలి. వాళ్లమ్మనూ అలాగే తీసుకెళ్లాడు. ఇంకెవరు వాయించినా గడప దాటనని ఆ పిల్ల ఒకటే పట్టు.

సోమవారం కొట్టుకు సెలవు. పెళ్లికని కొత్త తీగలు తెచ్చి, తలుపేసుకుని ఒక్కడే బిగించాడు. మాండొలిన్ తీగలు జంటలు జంటలుగా ఉంటాయి, జంటలో రెండూ ఒకే గొంతుతో పలకాలి. పలికాయనే అనుకున్నాడు. సాయంత్రం కూతురింటికి పోయి హుషారుగా అందుకున్నాడు.

"తాతా, పై తీగలు రెండూ పోట్లాడుకుంటున్నాయి," అంది అగ్రిప్పినా. "నీకు వినబడట్లేదా?"

ఆయనకు వినబడలేదు.

"మొన్న శనివారం నీకు అన్నం తెచ్చినప్పుడు వాయించావుగా. అప్పుడు లక్షణంగా ఉంది."

శనివారం ఉన్న చెవి సోమవారానికి ఎక్కడికి పోతుంది? ఆదివారం వీధి వీధంతా వింటుంది. ఇంకెవరినైనా పిలవమని చెబుదామనుకున్నాడు, చెప్పకుండానే మాండొలిన్ చంకన పెట్టుకుని లేచాడు.

మంగళవారం మాండొలిన్ని అలాగే తెచ్చి మేకుకు తగిలించాడు. రోజూలాగే ముందుగా చెప్పులు కుట్టే ఒరాజియో వచ్చాడు. ఒకప్పుడు శనివారానికోసారి వచ్చే మనిషి, రెండేళ్లుగా రోజూ గడ్డానికి వస్తున్నాడు.

"అరవై ఆరేళ్లకు ఎవరికోసంరా ఈ నునుపు?"

"నీకోసమైతే కాదులే." అప్పుడే లోపలికొచ్చిన నోటరీ గుమస్తాను చూపించాడు ఒరాజియో. "ముందు గుమస్తాగారికి చెయ్యి, నాకు తొందర లేదు."

అదీ రోజూ ఉన్నదే. ఎవరొచ్చినా తన వంతు వాళ్లకిచ్చేసి కూర్చుంటాడు. బస్తియానో నోటరీ గుమస్తా మొహానికి నురగ పట్టించి, కత్తి పట్టుకుని, అలవాటుగా అద్దంలోకి చూశాడు.

అద్దంలో ఒరాజియో మాండొలిన్ దించాడు; రోజూ చూసేదే, సరదాకి మీటుతున్నాడనుకునేవాడు. తీగల చప్పుడు కప్పేలా ఈ ఏటి నిమ్మ కాపును గట్టిగా తిట్టిపోస్తూనే, దాని బొజ్జకు చెవి ఆనించి, తీగలు బిగించే ఒక్కో బిరడా తిప్పుతున్నాడు. ఇవాళ చాలాసేపు పట్టింది. బస్తియానో చూపు ఎక్కడుందో గమనించిన గుమస్తా, నురగలోంచే హెచ్చరికగా దగ్గాడు.

ఓహో, రోజూ శ్రుతి చేస్తున్నది వీడు, ఈయనకూ తెలుసన్నమాట. ఊరందరికీ తెలుసు, తనకు తప్ప. బస్తియానోకు ముందు ఒళ్లు మండింది. గుమస్తా గడ్డం ఎలా పూర్తి చేశాడో ఆయనకే తెలియదు.

ఒరాజియో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నురగ పట్టిస్తుంటే చూశాడు బస్తియానో: రోజూ కత్తి పడీ పడీ ఆ బుగ్గలు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. ఇదేం పాడు చర్మంరా అని ఎన్నిసార్లు వెక్కిరించాడో. కోపం ఎటు పోయిందో పోయింది.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"ఏది?"

"నా ముందు అద్దం ఉందిరా మొద్దూ."

"మొన్నటి ఈస్టర్ కాదు, అంతకు ముందు ఈస్టర్ నుంచి. చెవి మందగించిందని చెబితే మాండొలిన్ని పెట్లో పెట్టి తాళం వేస్తావు, నీ మొండితనం నాకు తెలీదా? నీ చెయ్యి నిక్షేపంలా ఉంది. చెవులంటావా, మా అందరివీ ఉన్నాయిగా."

బస్తియానో కళ్లు తుడుచుకున్నాడు. ఇంతమంది తనకోసం ఇన్నాళ్లు గుట్టు దాచారు, అదృష్టవంతుణ్ణి అనుకున్నాడు.

"ఆదివారం గుమ్మం ముందు నువ్వే శ్రుతి చేసివ్వాలి. అందరి ఎదుటా."

"పెళ్లికూతురు నవ్వుతుంది."

"నవ్వనీ. ఆ రోజు నవ్వాల్సిందేగా."

కత్తి మడిచి పక్కన పెట్టాడు. గోరువెచ్చని గుడ్డతో నురగంతా మెల్లగా తుడిచి, ఆ కమిలిన బుగ్గలకు ఆలివ్ నూనె రాశాడు.

"ఏం మేస్త్రీ, గియ్యవా?"

"గియ్యను. రేపట్నుంచి గడ్డం వంక పెట్టుకోకు. ఊరికే రా."