అందరూ యజమానులే

అక్టోబరు తొమ్మిది, గురువారం. ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి అన్నం, పలచటి పప్పు, మూడు ఉడికించిన గుడ్లు ఉన్నాయి. ఇంట్లో ముగ్గురు మనుషులు, మనిషికొక గుడ్డు. అయినా ఇల్లాలు తన గుడ్డును రెండు ముక్కలు చేసి, ఒకటి తల్లి కంచంలో, ఒకటి భర్త కంచంలో వేసింది. భర్త ఆ ముక్కను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తల్లి మాత్రం తన ముక్కను మళ్లీ కూతురి కంచంలోకి నెట్టేసి, "నాకింత తింటే అరగదే" అంది. ఆమెకు ఏం తిన్నా అరుగుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

భర్త ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లపాటు మోటార్లకు రాగితీగ చుట్టిన మనిషి. వీధి అంతా అతన్ని వైండింగ్ మేస్త్రీ అంటుంది. ఫిబ్రవరిలో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మూడువందల నలభై మంది ఒకే సాయంత్రం టిఫిన్ డబ్బాలు పట్టుకుని గేటు దాటి బయటికొచ్చారు. ఆ వీధిలోని పద్నాలుగు ఇళ్లలో పదకొండు ఇళ్లవాళ్లు వారిలో ఉన్నారు.

కంచాలు తీస్తుండగా గుమ్మంలోంచి "అమ్మా" అని పిలుపు వినిపించింది. వచ్చింది లెక్కలమ్మాయి. ఆమె జిల్లా కార్మిక కార్యాలయంలో పనిచేస్తుంది. మూడు నెలలకోసారి ఇంటింటికీ తిరిగి, ఎవరికి పని ఉంది, ఎవరికి లేదు, ఎవరు వెతుక్కుంటున్నారు అని రాసుకుని వెళ్తుంది. అందుకే వీధివాళ్లు ఆ పేరు పెట్టారు.

"భోంచేస్తున్నారా సార్? కాసేపాగి రమ్మంటారా?"

"అయిపోయిందమ్మా, కూర్చో. పోయినసారి చెప్పిందే రాసుకో. సొంత పని."

"సొంత పని అంటే ఏం పని సార్?"

"మోటార్ల రిపేరు."

అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడే మనిషి కాదు. ఏం చెప్పాలన్నా కూతురికే చెబుతుంది, వినాల్సినవాళ్లు వింటారు. "ఏమే, మనింట్లో రిపేరు షాపు ఎప్పుడు పెట్టారే? నాకు చూపు ఆనడం లేదు గానీ, మంచం కింద ఉందా?"

"అమ్మా, నువ్వు ఊరుకో."

లెక్కలమ్మాయి నవ్వు ఆపుకుంది. "పోయిన వారం ఎన్ని గంటలు పని తగిలింది సార్?"

"పోయిన వారం కొంచెం డల్లు."

"అంతకు ముందు వారం?"

"అదీ డల్లే."

ఇల్లాలు మంచినీళ్ల గ్లాసు అందిస్తూ మొగుడిని కాపాడబోయింది. "పక్కింటివాళ్ల మిక్సీ బాగుచేశారు కదండీ!"

"దానికేమైనా తీసుకున్నారా?"

"పక్కింటివాళ్ల దగ్గర తీసుకుంటామా!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే. ఆ ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదిరిన విషయం ఈ మధ్యకాలంలో అదొక్కటే.

"పోనీ, పని కోసం చూస్తున్నారని రాయనా సార్? అలా రాస్తే..."

"వద్దమ్మా." మేస్త్రీ గొంతు కాస్త గట్టిపడింది. "నేనెవరినీ దేబిరించడం లేదు. సొంత పని అనే రాయి."

ఆమె అలాగే రాసింది. ఇల్లాలి పేరు ఎదుట పోయినసారి రాసిన 'గృహిణి' అనే మాట ఉంది. దాన్ని అడగకుండానే అలా ఉంచేసి, గ్లాసు తిరిగి ఇచ్చి, పక్కింటికి వెళ్లింది.

మేస్త్రీ అబద్ధాలకోరు కాడు. ఫ్యాక్టరీ మూసిన కొత్తలో అందరికంటే ముందు ఉపాధి సహాయ కేంద్రానికి వెళ్లింది అతనే. లైబ్రరీ భవనంలో ఒక చిన్న గది, ఒక బల్ల, ఒక కిటికీ, అంతే ఆ కేంద్రం. లైను మాత్రం రోడ్డు మీదికి వచ్చేది. మూడో వారం అతను ఆ లైనులో నిలబడి ఉండగా, ఆగిన బస్సులోంచి ఎవరో తల బయటపెట్టి, "మేస్త్రీ! మీరు కూడానా?" అని కేకేశారు. అడిగినవారు జాలితోనే అడిగి ఉంటారు. కానీ బస్సులో ఉన్నవాళ్లంతా అతనివైపు తిరిగి చూశారు. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. లైనులోంచి తప్పుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత లెక్కలమ్మాయి వచ్చినప్పుడు మొదటిసారి 'సొంత పని' అన్న మాట అతని నోట వచ్చింది.

ఫ్యాక్టరీ ఉన్న రోజుల్లో మేస్త్రీ ఏ కంపెనీ చెప్పులు కొంటే అవే కొనేవాళ్లు ఆ వీధివాళ్లు. ఇప్పుడూ అంతే. ఫ్యాన్ రెక్కలకు రంగు కొట్టి 'స్ప్రే' అని పేరుపడ్డతను 'సొంత పని' అన్నాడు. ప్యాకింగ్ సెక్షనాయనా అదే అన్నాడు. పదకొండు ఇళ్లూ అదే మాట.

మరుసటి వారం టీకొట్టు దగ్గర స్ప్రే పేపరు తెరిచి పైకి చదివాడు. జిల్లాలో నిరుద్యోగం అయిదేళ్లలో ఎన్నడూ లేనంతగా తగ్గిందట. ముఖ్యంగా వీళ్ల వార్డులో సొంత వ్యాపారాలు రెట్టింపయ్యాయట.

"అన్నా, అయితే మనం బాగుపడ్డామన్నమాట! నాకెవరూ చెప్పలేదేం?" అన్నాడు స్ప్రే.

"మన వీధిలో పదకొండు మంది యజమానులం. పనిలో పెట్టుకుందామంటే ఒక్క పనివాడు లేడు" అన్నాడు ప్యాకింగాయన.

అందరూ పడీపడీ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. అప్పుడు స్ప్రే కింది నాలుగు వాక్యాలు చదివాడు. అవసరం తగ్గినందున ఆ వార్డులోని ఉపాధి సహాయ కేంద్రాన్ని నెలాఖరుకు వేరే ఊరికి తరలిస్తారని ఉంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. టీకొట్టాయన, అడగకుండానే, చల్లారిన గ్లాసుల్లో మరికాస్త వేడి టీ పోశాడు.

ఇరవైమూడో తేదీ సాయంత్రం లెక్కలమ్మాయి మళ్లీ మేస్త్రీ ఇంటికి వచ్చింది. ఈసారి ఆమె చేతిలో కాగితాలు లేవు. ఆఫీసు అయ్యాక, తనంతట తానే వచ్చింది.

"నీటి సరఫరా శాఖ పంపుహౌసులో ఆరుగురు వైండర్లు కావాలని ఉత్తరం వచ్చింది సార్. పని కోసం చూస్తున్నవాళ్ల పట్టీలోంచే తీసుకుంటారు. మన వార్డు పట్టీలో వైండింగ్ తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. మా ఆఫీసరు గారు వేరే ఊరికి రాయబోతున్నారు." ఆమె చూపు గూట్లో వరసగా పేర్చిన రాగితీగ చుట్టల మీద పడింది. "మీ పేరు నేను మార్చలేను. మీరే ఉపాధి కేంద్రానికి వెళ్లి సంతకం పెట్టాలి. రేపు సాయంత్రం అయిదింటిదాకే టైము."

"చూద్దాంలే అమ్మా" అన్నాడు మేస్త్రీ. 'చూద్దాం' అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆమె దిగులుగా లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత అత్తగారు పీట జరుపుకుని అల్లుడికి ఎదురుగా కూర్చుంది.

"అల్లుడుగారూ."

మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. పెళ్లయి పంతొమ్మిదేళ్లయింది. ఆమె అతన్ని నేరుగా పిలవడం అదే మొదలు. వంటగదిలో కూతురు చేస్తున్న పని ఆగిపోయింది.

"మా ఆయన పోయినప్పుడు దీనికి ఆరేళ్లు. ఇళ్లకి వెళ్లి బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని. ఎవరైనా అడిగితే, ఊరికే కాలక్షేపానికండీ అనేదాన్ని. నాలుగేళ్లు అలాగే అన్నాను. ఆస్పత్రిలో ఆయా ఉద్యోగం ఖాళీ అయింది. నేను ఇస్త్రీ చేసే ఒక ఇంటావిడ చేతిలో పని అది. పక్కవీధి ఆవిడకి ఇప్పించింది. మరి నాకు చెప్పలేదేమమ్మా అంటే, నీకేం, నువ్వు కాలక్షేపానికి కదా చేస్తున్నావు అంది. ఆవిడ తప్పేముంది? ఆ మాట నేర్పింది నేనే." ఆమె కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. "తినే వచ్చానని చెప్పిన మనిషికి ఎవరైనా వడ్డిస్తారా బాబూ?"

పొద్దున మేస్త్రీ లేచేసరికి అతని తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించి ఉంది. ఇస్త్రీ మడత చూస్తే అది అత్తగారి చేతిపని అని తెలిసిపోతోంది.

పది గంటలకు అతను బయల్దేరాడు. "నేనూ వస్తానండీ" అని ఇల్లాలు పక్కన నడిచింది. వీధి మొదట్లో స్ప్రే ఎదురయ్యాడు.

"ఎక్కడికన్నా, ఇంత టిప్పుటాపుగా?"

"పని లేదని చెప్పడానికి."

"ఎవరికి లేదని?"

"నాకేరా."

స్ప్రే నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "ఒక్క నిమిషం ఆగన్నా. చొక్కా మార్చుకొస్తా."

కేంద్రంలో బల్ల వెనక కూర్చున్నామె ఫిబ్రవరి దాకా అదే ఫ్యాన్ల ఫ్యాక్టరీలో టైంకీపరు. వాళ్లందరి హాజరు వేసిన మనిషి. మేస్త్రీ కిటికీ ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "నా పేరు ఎదుట రాసింది మార్చాలమ్మా" అన్నాడు. అతని వెనక స్ప్రే ఉన్నాడు. స్ప్రే వెనక ప్యాకింగాయన, ఆయన వెనక ఇంకా ఎనిమిది మంది. కబురు వీధిలో ఎవరు మోశారో తెలియదు.

టైంకీపరు కళ్లజోడు పైకి తోసుకుని అందరినీ ఒకసారి చూసింది.

"మేస్త్రీ గారూ, ఇరవై రెండేళ్లు మీ హాజరు నేనే వేశాను. వచ్చిన రోజు వచ్చారని వేశాను, జ్వరమొచ్చి రాని రోజు రాలేదని వేశాను. రాకపోయినా వచ్చినట్టు వెయ్యమని ఒక్కరోజైనా నన్ను అడిగారా?"

"లేదమ్మా."

"మరి ఇప్పుడెందుకు పని లేకపోయినా ఉన్నట్టు రాయించారు? ఫ్యాక్టరీ మూసింది మీరా? పని పోవడం జ్వరం రావడం లాంటిది. అందులో మనిషి తప్పు లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. దాచిపెడితే మాత్రం అది మీ ఒక్కరితో ఆగదు. మీరు పదకొండు మంది బాగున్నామని చెప్పారు. పైవాళ్లు నమ్మారు. ఈ కిటికీ మూసేస్తామన్నారు. ఇది మూస్తే, నిజం చెప్పుకుందామని వచ్చేవాళ్లు ఎక్కడికి పోవాలి?"

వెనక నుంచి స్ప్రే సన్నగా అన్నాడు: "అమ్మా, నా జ్వరం కూడా రాసుకోండి."

అందరూ గట్టిగా నవ్వారు. రోడ్డు మీద ఒక బస్సు ఆగి, వెళ్లిపోయింది. మేస్త్రీ అటు చూడలేదు. సంతకం పెట్టి పక్కకు జరిగాడు. అప్పుడు ఇల్లాలు కిటికీ దగ్గరికి వచ్చింది.

"నా పేరు కూడా రాయండమ్మా. పని కోసం చూస్తున్నానని."

"నువ్వా?" అన్నాడు మేస్త్రీ తెల్లబోయి. "నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడు అడిగారు? ఎవరడిగారు నన్ను?" ఆమె గొంతులో కోపం లేదు. "అడిగితే చెప్పేదాన్నిగా."

వాళ్లని చూసి మిగతా వీధులవాళ్లూ వచ్చి తమ పేర్లు మార్పించుకున్నారు. దాంతో ఆ నెలాఖరుకు కేంద్రం తరలిపోలేదు. నవంబరులో పేపరు మొదటి పేజీలో, జిల్లాలో నిరుద్యోగం పెరిగిందని పెద్ద అక్షరాలతో వేశారు. చదివినవాళ్లు అయ్యో అనుకుని ఉంటారు. టీకొట్టు దగ్గర మాత్రం పదకొండు మంది ఆ వార్తను తమ ఫొటో పడ్డంత శ్రద్ధగా చూసుకున్నారు. జిల్లాలో ఎవరి పరిస్థితీ ఒక్క నెలలో దిగజారలేదు. లెక్క సరిగ్గా వచ్చింది, అంతే. ఆ లెక్క చూసి కార్మిక కార్యాలయం ఆ వార్డులో రెండు శిక్షణ తరగతులు కూడా మొదలుపెట్టింది.

మేస్త్రీ ఇంట్లో ముందుగా ఉద్యోగం వచ్చింది ఇల్లాలికి. ఆస్పత్రిలో ఉతికిన దుప్పట్లు, పక్కబట్టలు సర్ది వార్డులకు పంపే గదిలో పని. మేస్త్రీకి పంపుహౌసు నుంచి కబురు రావడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ వంట అతనే చేశాడు. "పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పవే ఆయనకి" అని అత్తగారు కూతురితో అనేది. మళ్లీ పాత పద్ధతికి వచ్చేసిందన్నమాట. కంచం మాత్రం ఏ రోజూ మిగల్చలేదు.

అందరికీ దొరకలేదు. వీధిలో ముగ్గురు పంపుహౌసులో చేరారు, ప్యాకింగాయన శిక్షణకు వెళ్తున్నాడు. స్ప్రేకి ఇంకా స్థిరమైన పని లేదు. ప్రతి సోమవారం కేంద్రానికి వచ్చి పేరు చెప్పి వెళ్తాడు. ఒక సోమవారం టైంకీపరు బల్ల సర్దేసి, దీపం ఆర్పబోతుండగా రొప్పుతూ వచ్చాడు. చేతులకు ఇంకా ఆకుపచ్చ రంగు అంటి ఉంది. ఆమె మళ్లీ కూర్చుని పుస్తకం తెరిచింది.

"ఈ వారం పని తగిలిందా?"

"రెండు రోజులమ్మా. బడి గోడలకి రంగు."

"రెండు రోజులు అనే రాస్తున్నాను."

"అలాగే రాయండి. మిగతా రోజులు వెతికానని కూడా రాయండి. నిజంగానే వెతికాను." ఆ మాట అతను తలెత్తి అన్నాడు.

మన వీధుల్లో ఇలాంటివాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లని చూసినప్పుడు 'మీరు కూడానా?' అని ఆశ్చర్యపోకుండా, 'ఏ పని వచ్చు మీకు?' అని అడగగలిగితే చాలు. పని లేకపోవడం ఎవరికీ అవమానం కాదు. లేదని చెప్పుకోలేకుండా చేయడమే మనందరికీ అవమానం.

స్ప్రే వెళ్లాక టైంకీపరు దీపం ఆర్పింది. పక్కన లైబ్రరీ గదిలో ఎవరో ఇంకా చదువుకుంటున్నారు. వాళ్లకు చప్పుడు వినపడకుండా ఆమె తలుపు మెల్లగా దగ్గరికి లాగి, తాళం వేసింది.