పరీక్షకుడికి సముద్రం చూపించిన సాయంత్రం

రేపు వైవా అనగా ఇవాళ మధ్యాహ్నం పరీక్షకుడు రైలు దిగాడు. ఆయనకు ఎదురెళ్లి తీసుకురమ్మని పంపింది ఎవర్నయ్యా అంటే, ఆ వైవాలో ఆయన ఎదుట కూర్చోవలసిన పొడుగు పరిశోధకుణ్ణే. ఇంతకంటే పెద్ద పరీక్ష ఇంకోటుంటుందా?

“ఊరు చూపించు, కడుపునిండా తిండి పెట్టించు, థీసిస్ మాట మాత్రం ఎత్తకు,” అని గైడు ముందే చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. “ఆయనేమన్నా అవునండి అను. ఆయన పుస్తకం మీద ఈగ వాలినా ఊరుకోడు. నోరు జారావో, ఇంకో మూడేళ్లు నా వరండాలో చెప్పులరిగేలా తిరుగుతావ్, ఆపైన నీ ఇష్టం.”

పొడుగాయనకు ఇంకో మూడేళ్లు తిరిగే ఓపిక లేదు. పెళ్లినాటికే పరిశోధనలో ఉన్నాడు, ఇప్పటికీ అందులోనే ఉన్నాడు. ఇల్లు భార్య జీతం మీద నడుస్తోంది. మామగారు ఎవరికి పరిచయం చేసినా “మా అల్లుడు, చదువుకుంటున్నాడు” అని గొంతు తగ్గించి చెబుతాడు. మొన్ననే బడిలో చేరిన కూతురు “నాన్నా, నువ్వు కూడా రోజూ వెళ్తావుగా, మరి పాసెందుకవ్వవు?” అని అందరిముందూ అడిగేసింది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు.

అసలు చిక్కల్లా థీసిస్‌లోనే ఉంది. ఒడ్డు నుంచి సముద్రంలోకి కాస్త దూరాన ఒక ఇసుక దిబ్బ ఉంది. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య ఒక పల్లం. పోటు వచ్చినప్పుడు దిబ్బ అడ్డుపడుతుంది కనుక పల్లంలోకి చీలమండ దాటి నీళ్లు రావని పరీక్షకుడు తన పుస్తకంలో ఏనాడో తేల్చేశాడు. ఈ ఊరు రాకుండానే, ఎక్కడో గదిలో కూర్చుని. పొడుగాయన అక్కడే పడుండి కొలిచి కొలిచి, నీళ్లు మెడలోతు వస్తాయని నాలుగో అధ్యాయంలో రాసి కూర్చున్నాడు.

స్టేషన్ బయట ఎండ చెంప ఛెళ్లుమనిపించింది. పరీక్షకుడు పొట్టి మనిషి, బట్టతల, చంకలో గొడుగు. ఆటో ఎక్కుతూనే, “నాకు ఊరు చూపించనక్కర్లేదయ్యా. అన్నీ చదివే వచ్చాను,” అన్నాడు. అన్నట్టే ఊరు ఆయనే చూపించడం మొదలుపెట్టాడు.

యూనివర్సిటీ గేటు దాటగానే కిటికీలకు కమ్మీలున్న రాతి మేడ కనిపించింది. “పాత జైలు కదూ?” అన్నాడు. అది లైబ్రరీ. పొడుగాయన అందులో తన యవ్వనమంతా గడిపాడు కాబట్టి, “అవునండి” అనడానికి పెద్దగా మనసు నొచ్చుకోలేదు. కొండ వాలున మగపిల్లల హాస్టల్, బాల్కనీల నిండా ఆరేసిన లుంగీలు, బనీన్లు. “లాండ్రీ! ఎంత పెద్దదో!” అన్నాడు పరీక్షకుడు. అవునండి. జిరాక్సు షాపుల ముందు పరీక్షల కుర్రకారు తోసుకుంటుంటే “సినిమా టికెట్లా?” అన్నాడు. అవునండి. లైట్‌హౌస్‌ని చూసి నీళ్ల ట్యాంకన్నాడు. అదీ అవునన్నాక, ఆటోడ్రైవరు వెనక్కి తిరిగి పొడుగాయన వంక జాలిగా చూశాడు.

“ఇక సూర్యాస్తమయం,” అన్నాడు పరీక్షకుడు చేతులు రుద్దుకుంటూ. “సూర్యుడు సముద్రంలో మునగడం చూసి తీరాలి. ఆ దిబ్బ మీద నుంచైతే బ్రహ్మాండంగా ఉంటుంది.”

ఆ ఊళ్లో సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు అందులోంచి లేస్తాడే గానీ అందులో మునిగిన పాపాన పోలేదు. పైగా ఇంకాసేపట్లో పోటు మొదలవుతుంది. పొడుగాయన నీళ్లు నమిలాడు. తలప్రాణం తోకకొచ్చింది. చివరికి, “అవునండి. బ్రహ్మాండంగా ఉంటుందండి,” అన్నాడు. తన నోట్లోంచి వచ్చిన మాట విని తనకే ఏడుపొచ్చింది.

పొడిగా ఉన్న పల్లం దాటి ఇద్దరూ దిబ్బెక్కారు. పరీక్షకుడు రుమాలు పరిచి, తూర్పుకేసి తిరిగి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పొడుగాయన పక్కనే చతికిలబడ్డాడు. వాళ్ల వీపుల వెనకాల సూర్యుడు తన మానాన తాను కొండ మీదికి దిగుతున్నాడు. ఒడ్డున షికారుకొచ్చినవాళ్లంతా అటువైపే చూస్తున్నారు. వీళ్లిద్దరే మాసిపోతున్న ఆకాశాన్ని కళ్లప్పగించి చూస్తున్నారు.

“ఆలస్యం చేస్తున్నాడేమిటి?” అన్నాడు పరీక్షకుడు.

“మబ్బు పట్టినట్టుందండి.”

“మబ్బెక్కడుంది?”

“అదేనండి. కనపడని మబ్బు.”

ఇంతలో వెనక నుంచి గలగలమని సన్నటి చప్పుడు. పొడుగాయనకు ఆ చప్పుడు కూతురి గొంతంత బాగా తెలుసు. పల్లంలోకి నీళ్లొస్తున్నాయి. ఇప్పుడే లేచి నడిస్తే చీలమండలే తడుస్తాయి. కానీ లేవండి అంటే ఎందుకు అంటాడు. ఎందుకో చెబితే పుస్తకం తప్పన్నట్టే. డిగ్రీ గంగపాలు.

“కాఫీ తాగుదామాండీ? ఒడ్డున వేడివేడిగా...”

“సూర్యుడు మునిగాక.”

“చలిగా లేదాండీ?”

“ఉక్కపోస్తోంది.”

“నాకు కడుపులో గడబిడగా ఉందండి.”

“అటు తిరిగి కూర్చో, సర్దుకుంటుంది. నీళ్లొస్తాయని భయమా ఏం? నా లెక్క ప్రకారం ఇక్కడ చీలమండ దాటవు. తెలుసుగా?”

“అవునండి.”

ఆ అవునండి అన్నాక పొడుగాయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. అన్నట్టు ఇద్దరికీ ఈత రాదు. పోట్ల మీద పరిశోధన చేసేవాడికి ఈత రాదంటే లోకం నవ్వుతుందని, ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

దిబ్బ చుట్టూ తడి పాకింది. నీళ్లు నిమ్మళంగా, ఏ హడావుడీ లేకుండా వచ్చి పరీక్షకుడి కిందున్న రుమాలును తడిపాయి. ఆయన కాస్త పైకి జరిగాడు. మళ్లీ తడిసింది, మళ్లీ జరిగాడు. ఇక జరగడానికి దిబ్బ మిగల్లేదు. లేచి నిలబడి, మొదటిసారి వెనక్కి తిరిగాడు. ఎదురుగా కొండ వెనక సగం మునిగిన సూర్యుడు. ఒడ్డుకూ తనకూ మధ్య అంచులదాకా నిండిపోయిన పల్లం.

“ఏమయ్యా,” అన్నాడు, చాలా మర్యాదగా, “నీ నాలుగో అధ్యాయంలో ఎంత లోతని రాశావ్?”

పొడుగాయన కళ్లు మూసుకున్నాడు. గైడు, మామగారు, వరండా, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. “మెడలోతండి,” అన్నాడు.

“నీ మెడా, నా మెడా?”

“మీదేనండి. నాకు ఛాతీ దాకా వస్తాయి.”

“మరి నిలబడ్డావేం? వంగు!”

పొడుగాయన వంగాడు. పెద్దమనిషి గొడుగూ చెప్పులూ చేతపట్టుకుని భుజాల మీదికెక్కి, జుట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఒడ్డునున్న జనం సూర్యుణ్ణి వదిలేసి వీళ్లని చూడ్డం మొదలుపెట్టారు. పల్లం మధ్యకొచ్చేసరికి నీళ్లు సరిగ్గా ఛాతీ దాకా వచ్చాయి. అంత భయంలోనూ పొడుగాయనకు లోపల్లోపల గర్వంగానే అనిపించింది.

“నీకు ముందే తెలుసు కదా?” పైనుంచి అడిగాడు పరీక్షకుడు.

“తెలుసండి.”

“సముద్రం తూర్పునుందనీ తెలుసు.”

“తెలుసండి.”

“చెప్పడానికేం రోగం?”

“చెబితే డిగ్రీ ఇవ్వరేమోనని.”

“ఓరి నీ దుంపతెగ! నేను మునిగిపోయినా ఫర్వాలేదు గానీ, నా మనసు నొచ్చుకోకూడదా?”

సిగ్గుతో పొడుగాయన అడుగు తడబడి, ఇద్దరూ చెరో గుక్కెడు ఉప్పునీళ్లు మింగారు. మళ్లీ నిలదొక్కుకున్నాక, పైనుంచి వచ్చిన గొంతులో కోపం పోయి ఇంకేదో ఉంది.

“ఇన్నేళ్లుగా నా చుట్టూ ఉన్నవాళ్లంతా ఇలాగే తలలూపుతున్నారా?”

“అవునండి,” అన్నాడు పొడుగాయన. మధ్యాహ్నం నుంచీ అతనన్న అవునండిల్లో నిజమైంది అదొక్కటే.

మర్నాడు వైవా గదిలో పొడవాటి బల్ల చుట్టూ డిపార్ట్‌మెంటంతా కొలువుదీరింది. పరీక్షకుడు తుమ్ముతూ వచ్చి కూర్చుని, థీసిస్ తెరవకుండానే ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

“నా పుస్తకంలో దిబ్బ గురించి రాసింది ఒప్పా, తప్పా?”

బల్లకింద గైడు తన బూటుతో పొడుగాయన కాలు ఒక్క తొక్కు తొక్కాడు. పొడుగాయన నొప్పికి మెలికలు తిరిగాడు గానీ కళ్లు దించలేదు.

“తప్పండి,” అన్నాడు. “పూర్తిగా తప్పు.”

గైడు ముఖం నెత్తురుచుక్క లేకుండా పాలిపోయింది. పరీక్షకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాడు కదా అని బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. గైడైతే కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. పరీక్షకుడు ఠక్కున ఆపేశాడు. వాళ్లూ ఠక్కున ఆపేశారు.

ఆయన ఆ ముఖాలన్నిటినీ ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత పొడుగాయన వైపు తిరిగి, కలం మూత తీసి, “నీ చేయి ఇటు తే, డాక్టరూ,” అని గట్టిగా పట్టుకుని ఊపి, సంతకం పెట్టాడు.