పెదాలు కనిపించే టీవీ

ఏడింటికి వార్తలు. ఐదు నిమిషాల ముందే అత్తగారు గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, టీవీ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. ఆ టీవీ మూగబోయి పదకొండేళ్లయింది. అప్పట్నించీ దానికి గొంతు ఆవిడే.

ఆవిడ ముప్పై ఏళ్లు మరమగ్గాల మిల్లులో పనిచేసింది. ఆ రొదలో చెవిలో అరిచినా వినపడదు కాబట్టి అక్కడివాళ్లంతా పెదాలు చూసే కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఆ విద్య మిల్లులో అందరికీ వచ్చు. అత్తగారికి ఒక పిసరు ఎక్కువ వచ్చు. ఎవరి పెదాలు కదిలితే వాళ్ల అసలు గొంతే ఆవిడ నోట్లోంచి వచ్చేది. వార్తలాయన బొంగురు గొంతు, వాతావరణం చెప్పే అమ్మాయి ముద్దుమాటలు, మంత్రిగారి దగ్గు, ఏదీ పొల్లుపోయేది కాదు. "పిల్ల చదువుకుంటోంది, టీవీ సౌండు కాస్త తగ్గించండి," అని పక్కింటావిడ గోడ మీద తట్టేది. అత్తగారు గొంతు తగ్గించేది. అంతే.

ఈమధ్య బొమ్మ కూడా పాడైంది. కింది సగం చీకటైపోయి, వార్తలాయనకి ముక్కు కింద ఏమీ మిగల్లేదు.

"మూతి లేని మనిషికి నేనేం పలకను?" అని ఆ సాయంత్రం స్టూలు లోపల పెట్టేసింది అత్తగారు.

కోడలు ఆసుపత్రిలో నర్సు. సరిగ్గా ఆ నెలలోనే హెడ్ నర్సు అయింది. "కొత్తది నేను కొంటాను," అంది గొప్పగా. "ఈసారి మంచి సౌండున్నది చూద్దాం అత్తయ్యా. మీకూ విశ్రాంతి."

అత్తగారు చాప మీద పరిచిన ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అప్పటికే మడతపెట్టిన దుప్పటిని మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టింది. తను నోరు జారానని కోడలికి అప్పుడు తెలిసింది. కానీ ఎలా సర్దాలో తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ టీవీల షాపుకి వెళ్లారు. గోడ నిండా టీవీలు, అన్నిట్లో ఒకే పువ్వు ఒకేసారి విచ్చుకుంటోంది. నలభై దాటిన సేల్స్‌మన్ ఒకడు దగ్గరికొచ్చాడు. మెత్తటి మనిషి. ఏది చెప్పినా ముందు క్షమాపణ అడుగుతున్నట్టుంటాడు.

"రంగులు చూడండి అమ్మగారూ, పువ్వు మీద మంచుబొట్టు కూడా..."

"పువ్వులతో నాకేం పని నాయనా? నాకు పెదాలు కనిపించాలి."

సేల్స్‌మన్ కోడలి వైపు చూశాడు. "పెదాలే," అంది కోడలు.

"అయితే మనుషులున్నది పెడతాను," అని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి పెద్ద టీవీకి పెట్టాడు. "ఇది మా స్కూల్లో పరుగు పందెం. పాత క్యాసెట్టు నించి ఎక్కించాను, సౌండు ఎప్పుడో పోయింది. పాత వీడియోలు కూడా ఎంత బాగా కనపడతాయో చూపించడానికి పెడుతుంటాను."

తెర మీద మైదానం. పిల్లలు పరిగెడుతున్నారు. అందరూ గీత దాటేశాక, ఎంతో వెనక ఒక బక్కపిల్లాడు రొప్పుతూ వస్తున్నాడు. కెమెరా తల్లుల వైపు తిరిగింది. గొడుగు పట్టుకున్న ఒకావిడ పక్కావిడతో ఏదో అని, చటుక్కున మొహం పక్కకి తిప్పేసుకుంది.

"ఆ వెనకబడ్డ వీరుణ్ణి నేనే," అని నవ్వాడు సేల్స్‌మన్. అలవాటైన నవ్వు. "ఆవిడ మా అమ్మ. నన్ను చూడలేక తల తిప్పేసింది చూడండి. అందరూ ఇక్కడే నవ్వుతారు."

అత్తగారు నవ్వలేదు. తెరకి దగ్గరగా జరిగింది. "మళ్లీ పెట్టు."

పెట్టాడు. గొడుగావిడ పెదాలు కదలగానే అత్తగారి నోట్లోంచి సన్నటి గొంతొకటి వచ్చింది. కొంచెం ముక్కుతో పలికే గొంతు, మాట మాటకీ ఊపిరి అందనట్టు.

"ఆ వెనక వస్తున్నాడే, వాడేనండీ మావాడు. రాత్రంతా జ్వరం. వద్దంటే విన్లేదు. చూశారా, అందరూ అయిపోయినా వీడు మాత్రం ఆగట్లేదు! అమ్మో, నేను చూడకూడదు. నా దిష్టే తగిలేట్టుంది."

తెర మీద తల్లి మొహం తిప్పేసుకుంది.

సేల్స్‌మన్ చేతిలో రిమోటు అలాగే ఉండిపోయింది. అమ్మ పోయి ఇరవై రెండేళ్లు. ఆ గొంతు మర్చిపోయాననే అనుకున్నాడు. మొదటి మాటకే గుర్తుపట్టాడు.

"ఇంకోసారి అంటారా అమ్మగారూ?"

ఆవిడ ఇంకోసారి అంది. ఆ తర్వాత అతను అడక్కుండానే మూడోసారీ అంది.

"జ్వరం సంగతి నేనే మర్చిపోయాను," అన్నాడతను. మొహం తుడుచుకుని, చొక్కా కిందికి లాగి సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. చూస్తే మనిషి బాగా పొడుగే.

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "పెదాలు శుభ్రంగా ఉన్నాయమ్మాయ్. ఇదే తీసుకో."

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. షాపులో అందరికీ వినపడేలా సేల్స్‌మన్‌తో అంది: "ఇదే ఇవ్వండి. సౌండు కట్టేసే బటన్ ఎక్కడుందో కూడా చూపించండి. మా ఇంట్లో వార్తలు మా అత్తయ్యే చదువుతారు."

అత్తగారు ఏమీ ఎరగనట్టు వేరే టీవీ వైపు చూసింది గానీ, నడుము మీద చెయ్యి వేసుకుని మిల్లులో సూపర్‌వైజర్ నిలబడ్డట్టు నిలబడింది.

ఆ షాపు యజమాని ఊరికి అవతలి వైపు ఇంకో షాపు తెరుస్తున్నాడు. దాన్ని చూసుకోమని ఈ సేల్స్‌మన్‌ని రెండుసార్లు అడిగాడు. "పెద్ద పనులు నావల్ల కావండీ," అని రెండుసార్లూ తప్పించుకున్నాడు ఇతను. ఇప్పుడు బిల్లు తీసుకుని నేరుగా యజమాని బల్ల దగ్గరికి వెళ్లాడు.

"కొత్త షాపుకి ఎవరినైనా అనుకున్నారా?"

"ఇంకా లేదు. నువ్వేమో కాదంటివి."

"నేను చూసుకుంటానండీ."

యజమాని కళ్లద్దాలు తీసి అతన్ని కిందినించి పైదాకా చూశాడు. "ఏమయ్యా, ఉన్నట్టుండి ఏమైంది?"

"ఏం కాలేదండీ. చేయగలను, అంతే." బిల్లు బల్ల మీద పెట్టాడు. "మేనేజరని బోర్డు మీద నా పేరు వేయిస్తారా?"

"ఎందుకు వేయించను?"

"అయితే అక్షరాలు కొంచెం పెద్దవి వేయించండి," అన్నాడతను. "రోడ్డవతల నిలబడ్డవాళ్లకీ కనిపించాలి."