అరగంట లేటు

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. అమూల్య ఆడిన అబద్ధం మరీ బాగా అతికింది. ఆమె కొంప ముంచింది కూడా అదే.

ఆమె వికారాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. ఇల్లు తాండూరులో. సాయంత్రం ప్యాసింజరు ఎక్కితే గంట ప్రయాణం. ఆ గంటలో కూర్చోవడానికి చోటు దొరికితే పండుగే. పక్కవాళ్ల టిఫిన్ డబ్బా పక్కటెముకల్లో పొడుస్తుంటే, కమ్మీ పట్టుకుని వేలాడుతూ అమూల్య మనసులోనే వాక్యాలు కూర్చుకునేది. ధారూర్ దాటేసరికి ఒక పేరా తయారయ్యేది. తాండూరులో దిగి, జనమంతా వెళ్లిపోయాక, ప్లాట్‌ఫారం చివరి సిమెంటు బల్ల మీద కూర్చుని, మరిచిపోకముందే దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించేది. సరిగ్గా అరగంట. అంతకు మించితే ఇంటినుంచి ఫోన్ మోగుతుంది.

ఇంట్లో అడుగుపెట్టాక ఒకటే మాట. "రైలు లేటు. ధారూర్ల క్రాసింగ్ పడ్డది."

రైలు ఎక్కడుందో ఫోన్‌లో చూసుకునే రోజులే ఇవి. భర్త శ్రీకాంత్ మాత్రం ఏనాడూ చూడలేదు. బండలు పాలిష్ చేసే మిషన్ల దగ్గర పొద్దంతా దుమ్ము మింగి వచ్చే మనిషి, పెళ్లాం మాట నమ్మే మనిషి. అత్త ఈశ్వరమ్మ ఆ వేళకు పప్పు వండి, రొట్టెలు చేసి, మనవరాలు సహస్రకు తినిపిస్తుండేది. "గా రైలు పాడుగాను. పొల్ల మొఖం ఎట్ల పీక్కపోయిందో సూడు," అని కోడలిని చూసి నొచ్చుకునేది. ఈ కథలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఉంటే అమూల్య పని ఎంతో సులువయ్యేది.

ఆ అరగంటల పుణ్యాన, ఇంట్లో ఎవరికీ తెలియకుండానే, మూడు కథలు అచ్చయ్యాయి. నాలుగోది ఎంతకీ తెగక నవలయి కూర్చుంది. యాలాల్ కంది చేలల్లో వంచిన నడుము ఎత్తకుండా బతికిన ఒక ఆడమనిషి నవల. హైదరాబాదు పత్రిక సంపాదకురాలు మొదటి అధ్యాయాలు చదివి, దసరాకల్లా పూర్తి చేసిస్తే వారం వారం వేస్తామని ఫోన్ చేసింది. ఆ రోజు అమూల్య కాలు నేల మీద నిలవలేదు. పదకొండు అధ్యాయాలు అయ్యాయి. ఇంకో ఐదు రాస్తే చాలు. తన పేరుతో ఒక నవల వస్తుంది.

జ్యేష్ఠం చివర్లో ఒక సాయంత్రం ఆమె వచ్చేసరికి శ్రీకాంత్ మిఠాయి డబ్బా పట్టుకుని కూర్చున్నాడు.

"నీ రైలు పరేషాన్ ఇగ తీరిపోయింది," అన్నాడు. "వికారాబాద్ల ఇల్లు కిరాయికి మాట్లాడొచ్చిన. మీ ఆఫీసుకు అయిదు నిమిషాలు. నేనే బండి మీద తాండూరుకు పోయొస్త."

"మీకు దూరమైతది గదా."

"అయితే కానీ. రోజూ అరగంట లేటాయె. ఎన్నొద్దులని పడ్తవ్?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వద్దంటే ఎందుకో చెప్పాలి. చెబితే, పొద్దున్నే లేచి చాకిరీ చేసే అత్తను పొయ్యి దగ్గర వదిలేసి, మూడేళ్లుగా స్టేషన్‌లో కూర్చుంటున్నానని ఒప్పుకోవాలి. అమూల్య మిఠాయి నోట్లో వేసుకుంది.

ఆషాఢం పోనిచ్చి, శ్రావణంలో కొత్తింట్లో పాలు పొంగించారు.

ఐదు నిమిషాల దారిలో ఏ రైలుకు క్రాసింగ్ పడుతుంది? ఆఫీసు వదిలిన ఐదో నిమిషానికి సహస్ర గేటు దగ్గర నిలబడి ఉండేది. పైగా జిల్లా ఆఫీసులన్నీ పక్కనే. భూమి కాగితాల పని మీద పెద్దేముల్ నుంచీ యాలాల్ నుంచీ వచ్చే చుట్టాలకు ఆ ఇల్లే మజిలీ అయింది. "మస్తు దగ్గర తీస్కున్నరమ్మా ఇల్లు," అని మెచ్చుకుంటూ చెప్పులు విడిచేవారు. రాగానే చాయ్, పని కాకపోతే అన్నం.

మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసులోనే రాద్దామని చూసింది. పక్క సీటావిడ డబ్బా మూత తీస్తూ నోటుబుక్కులోకి తొంగిచూసింది. తెల్లవారకముందే లేచి చూసింది. అంతకంటే ముందే లేచి ఉన్న అత్త, "జరమొచ్చిందా బిడ్డా," అని నుదురు పట్టుకుని చూసింది. చివరికి ఒక ఆదివారం భర్తతో, తనకు రాసుకోవాలని ఉందని చెప్పేసింది.

"రాస్కో. ఎవరొద్దన్నరు?" అన్నాడు శ్రీకాంత్. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఎవరూ వద్దనలేదు, అదే వచ్చిన చిక్కు. వద్దంటే పోట్లాడొచ్చు. గదిలో తలుపు వేసుకుని కూర్చుంటే, "ష్, అమ్మ రాస్తుంది," అని సహస్రను గదమాయించే శ్రీకాంత్ గొంతు వినిపించింది. అత్త చప్పుడు కాకుండా గిన్నెలు దించుతున్న జాగ్రత్త కూడా వినిపించింది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కాచుకుని ఉంటే ఆమెకు ఒక్క ముక్క తోచలేదు. తలుపు తీయగానే శ్రీకాంత్, బట్టల ఇస్త్రీ సంగతి అడిగినట్టు, "అయిపోయిందా?" అన్నాడు.

బతుకమ్మ దగ్గర పడుతుండగా సంపాదకురాలు గుర్తు చేసింది. ఆ సాయంత్రం వంటింట్లో బియ్యం ఏరుతూ అమూల్య ఏడుపు ఆపుకోలేకపోయింది. పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్న ఈశ్వరమ్మ తిరిగి చూసింది.

"ఏమైంది బిడ్డా?"

"అత్తమ్మా, రైలు రోజూ లేటు కాలె," అంది అమూల్య. నోరు తెరిచాక ఇక ఆగలేదు. బల్ల, నోటుబుక్కు, అరగంట, పత్రికవాళ్ల గడువు, అంతా చెప్పేసింది.

ఈశ్వరమ్మ గంటె పట్టుకునే అంతా విన్నది. తిట్టలేదు.

"గాడ కూసోని ఏం రాసినవ్ మరి?"

"మీ కతనే అత్తమ్మా. యాలాల్ల కంది చేండ్ల మీరు పడ్డ కష్టం."

ముసలామె ముఖంలో నవ్వులాంటిది కదిలింది. "నా నడుము సంగతి గూడ రాసినవా?"

"రాసిన. కలుపు తీసి తీసి ఎట్ల పట్టుకుంటదో, పొయ్యికాడ నిలబడ్తే కాళ్లల్లకు ఎట్ల గుంజుతదో, మొత్తం రాసిన. పత్రికల ఉండేటామె చదివి ఏడ్చిందంట."

"పొయ్యికాడ నిలబడ్తే గుంజుతదని నీకు ఎర్కేనా?"

"ఎర్కే అత్తమ్మా."

"ఎర్కుండి గూడ గా అరగంట గాడ కూసున్నవా?"

ఆ గొంతులో కోపం లేదు. కోపమైనా బాగుండేది, తిరిగి ఒక మాట అనొచ్చు. ఈశ్వరమ్మ నిజంగా తెలియకే అడిగింది. మూడేళ్లలో అంత సూటి వాక్యం తన నవలలో ఒక్కటీ పడలేదని అమూల్యకు తోచింది. తోచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లేచి గంటె అందుకుంది. ఈశ్వరమ్మ కాదనలేదు. నడుము పట్టుకుని మెల్లగా పీట మీద కూలబడింది.

దసరా వెళ్లిపోయింది. సంపాదకురాలు ఇంకో రెండుసార్లు ఫోన్ చేసి ఊరుకుంది. నోటుబుక్కులో పదకొండో అధ్యాయం తర్వాత మిగిలిన కాగితాల మీద సహస్ర ఎక్కాలు రాసుకుంటోంది.