గురువు పేరు రాయని గడి

పోటీ కాగితంలో నాలుగు గడులు: పేరు, ఊరు, ఇంతవరకు గెలిచినవి, నేర్పినవారు. మొదటి మూడూ ఎఫీ గబగబా నింపేసింది. పన్నెండేళ్లలోపు పిల్లల్లో పతకం. పదిహేనేళ్లలోపు వాళ్లలో రెండుసార్లు కప్పు. పెద్దయ్యాక, డబ్బు పుచ్చుకోకుండా తిత్తి, అంటే బ్యాగ్‌పైపు, ఊదేవాళ్ల ఒంటరి పోటీలో ఒకసారి రెండో స్థానం. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. అంతలో ఒళ్లో ఉన్న పదకొండు నెలల ఇష్‌బెల్ కలం మూత నోటికి చేర్చింది. ఎఫీ లాగేసుకుంది. ఇంకేమైనా మింగిందేమోనని దాని నోరంతా వెతికి చూసేసరికి టీ చల్లారిపోయింది. గడి మాత్రం అలాగే ఉంది. అలాగే మడిచి కవరులో పెట్టి అంటించేసింది.

ఎఫీకి తిత్తి నేర్పింది ఫార్కర్ మాస్టారని ఆ రెండు దీవుల్లో గొర్రెలకు కూడా తెలుసు. అయితే ఈ ఏడాది ఆటల పండుగలో తిత్తి పోటీకి తీర్పు చెప్పే ఇద్దరిలో ఆయన ఒకరు. తన దగ్గర నేర్చుకున్నవాళ్లు వేదిక ఎక్కితే తీర్పరి బల్ల వదిలి లేచిపోవాలి, పాట చెవిన పడనంత దూరం నడవాలి. అక్కడి కట్టుబాటు అది. ఎవరు ఎవరి శిష్యులో ఊరందరికీ తెలిసినా, లెక్కలోకి వచ్చేది కాగితమే. కాగితం మీద పేరుంటే ఆయన వెళ్లిపోతారు. లేకపోతే కూర్చోవాలి, వినాలి. ఆయన వినాలన్నదే ఎఫీ ఆశ. బహుమతి మీద ఆశ లేదంటే అబద్ధమే గాని, అది దీని తర్వాతది.

తొమ్మిదో ఏట మొదలుపెట్టి పదమూడేళ్లపాటు ప్రతి బుధవారం నాలుగింటికి ఆమె ఆయన వంటింట్లో కూర్చుంది. బడి చదువు ఆమెకు అబ్బలేదు. పదహారో ఏట మానేసి చేపలు కోసే పనిలో చేరింది. పాటలు అచ్చువేసిన పుస్తకం ముందు పెడితే గీతల మీద చీమలు పాకినట్టుండేది. మాస్టారు ఆ పుస్తకం మూసేసి, పొయ్యి ఎగదోస్తూ, నోటితో పాడేవారు. మాటలుండవు. హిన్, హో, దిన్ అంటూ వట్టి శబ్దాలు. పాతకాలంలో అందరూ అలాగే నేర్చుకున్నారట. ఆయన గొంతు ఎక్కడ నిలిస్తే ఆమె వేలు అక్కడ నిలిచేది.

చివరి రెండు చలికాలాల్లో ఆయన ఆమెకు 'నల్లరేవు శోకం' నేర్పారు. పెళ్లిళ్లకూ నాట్యాలకూ ఊదే చిన్న పాట కాదది. పెద్ద పాట. పావుగంటపైన పడుతుంది. ముందు 'నేల' అనే మొదటి భాగాన్ని మెల్లగా పరిచి, దాని మీద ఒక్కొక్క సంగతీ పేర్చుకుంటూ పోయి, వేళ్లు ఇక తట్టుకోలేవనుకున్నప్పుడు మళ్లీ నేల మీదికి దిగాలి. ఆ పాట ఆయనకు తాత ఇచ్చినది. ఆయన కన్నపిల్లలెవరూ తిత్తి ముట్టలేదు. ఆఖరి సంగతి కూడా అయ్యాక ఆయన చేతులు దులుపుకుని, "వచ్చే బుధవారం తిత్తి పట్టుకురా. నిలబడి మొత్తం ఊదు. వింటాను" అన్నారు.

ఆ బుధవారం ఎఫీ వెళ్లలేదు. రూరీతో పెళ్లి కుదిరి, అవతలి దీవికి సామాను చేరవేసే హడావుడిలో ఉంది. పైవారం వెళ్దామనుకుంది. పైవారం వెళ్తే పోయినవారం ఎందుకు రాలేదో చెప్పాలి. ఆ పైవారమైతే రెండు వారాల సంగతి చెప్పాలి. చెప్పాల్సింది అలా పెరిగి పెరిగి, పడవ మీద గంట దూరంలో ఉన్న గుమ్మం కాస్తా మూడేళ్ల దూరమైపోయింది.

ఈ మూడేళ్లలో ఆ పాట ఎవరి చెవినా పడలేదు. రూరీ పనికి వెళ్లాక, మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడు, ఎఫీ వెనక షెడ్డులో నిలబడి ఊదేది. సగంలో పాప ఏడ్చినట్టనిపించేది. పరుగెత్తేది. పాప నిద్రపోతూ ఉండేది. నిద్రేనా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, వెచ్చటి గాలి తగిలాక వచ్చి మళ్లీ నేల నుంచి ఎత్తుకునేది. ఊదుతున్నంతసేపూ ఆ షెడ్డు గోడ దగ్గర ఒక కుర్చీ వేసి, అందులో మాస్టారిని కూర్చోబెట్టుకునేది. మనసులోనే. ఆ కుర్చీలో మనిషి ఎప్పుడూ ఏమీ అనేవాడు కాదు.

ఆటల పండుగ రోజు పడవ దిగాక వ్యాను నడిపింది ఆడపడుచు పెగీ.

"ఏమే, పెళ్లినాడు కూడా ఇన్ని గుటకలు మింగలేదు నువ్వు."

"పాపకి ద్రాక్షపళ్లు పెట్టకు వదినా. పెట్టినా నాలుగు ముక్కలు చేసి పెట్టు."

"నలుగుర్ని పెంచాను. ముగ్గురు బతికే ఉన్నారు."

ఎఫీ ముఖం పాలిపోయింది.

"నాలుగోవాడు గ్లాస్గోలో ఉన్నాడే పిచ్చిదానా. నెలకోసారి కూడా ఫోన్ చెయ్యనివాణ్ణి ఏ లెక్కలో వెయ్యమంటావు? వచ్చేశాం, ఇటివ్వు పిల్లని. నువ్వెళ్లి నీ గొట్టాలు సరిచేసుకో."

గొర్రెల దొడ్డి వెనక అప్పటికే నలుగురైదుగురు ఊదేవాళ్లు గోడల వైపు తిరిగి, ఎవరి లోకంలో వాళ్లు శ్రుతి కలుపుకుంటున్నారు. ఎఫీ తిత్తి ఎడమ చంకలో ఇరికించుకుంది. ఏడాదిగా ఆ చంకలో ఉన్నది తొమ్మిది కేజీల పిల్ల. ఇప్పుడు అక్కడ ఏదో తక్కువైనట్టుంది. భుజం మీది మూడు శ్రుతి గొట్టాలనూ ఒక్కొక్కటే జరుపుతూ, మూడు గొంతులూ ఒక్కటయ్యేదాకా విన్నది. సముద్రపు గాలికి గొట్టాల్లోని రెల్లు పీకలు తొందరగానే దారికొచ్చాయి. రొమ్ములు బరువెక్కుతున్నాయి. జాకెట్టు దళసరిది కాబట్టి తడిసినా కనబడదులే అనుకుంది.

ఒక్కొక్కరూ మూడు పాటలు రాసివ్వాలి. ఏది ఊదాలో తీర్పరులు అప్పటికప్పుడు చెబుతారు. ఎఫీ ఇచ్చిన మూడింటిలో మొదటిది దొరసాని స్వాగతం, రెండోది నాన్నమ్మల పాట, చివరిది నల్లరేవు శోకం. మాస్టారు జాబితా చూస్తే వేలు దాని మీదికే పోతుందని ఆమెకు తెలుసు.

"ఏడో నంబరు" అని పిలిచాడు హెక్టర్. పోటీదారులను వేదిక దగ్గరికి పంపేది అతనే. "రా ఎఫీ. బతికే ఉన్నావన్నమాట. అవతలి దీవిలో తిత్తులు నిషేధించారేమో అనుకున్నాం."

చెక్కల వేదిక ముందు, గుడ్డ పందిరి కింద బల్ల. దాని వెనక కెప్టెన్ ఆగిల్వీ, ప్రధాన భూభాగం నుంచి వచ్చిన పెద్దమనిషి, పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఫార్కర్ మాస్టారు. మెడ సన్నబడింది. చొక్కా కాలరులో రెండు వేళ్లు పట్టే ఖాళీ. ఆయన కాగితం చూశారు, ఎఫీ బూట్లు చూశారు, మళ్లీ కాగితం చూశారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"హెక్టర్, ఇందులో ఒక గడి ఖాళీగా ఉంది."

"ఉంటే ఉందిలెండి మాస్టారూ. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాళ్లుంటారుగా."

"ఉంటారు. ఊదితే తెలిసిపోతుంది కూడా. నీ పెన్సిలు ఇలా ఇయ్యి."

పెన్సిలు అందుకుని, తీరిగ్గా, అక్షరం అక్షరం దిద్దినట్టు రాశారు. కాగితం కెప్టెన్ వైపు తిప్పారు.

"నా శిష్యురాలు. పదమూడేళ్లు నా దగ్గర నేర్చుకుంది. నేను వినకూడదు."

కెప్టెన్ ఇబ్బందిగా కదిలాడు. "కాగితంలో లేదు కదా ఫార్కర్ గారూ. కూర్చోండి. నాకేం అభ్యంతరం లేదు."

"నాకుంది."

కర్ర తీసుకుని లేచారు. గడ్డి మీద కూర్చున్న జనం తలలు తిప్పి చూశారు. ఎఫీ చెవులు మండిపోయాయి. పదమూడేళ్లలో ఒక్కసారైనా, నలుగురిలో, నా శిష్యురాలు అని ఆయన అనలేదు. ఇప్పుడన్నారు. అని వెళ్లిపోతున్నారు. సంతోషించాలో ఏడవాలో ఆమెకు తోచలేదు. తిత్తి నిండా గాలి ఉంది. దించి పరుగెత్తడానికి లేదు.

కెప్టెన్ జాబితా పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మొదటిదే ఊదమ్మా. దొరసాని స్వాగతం" అన్నాడు.

పెద్ద పాట ఊదేవాళ్లు ఒకచోట నిలబడరు. వేదిక మీద ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా నడుస్తారు. సముద్రం వైపు తిరిగిన ప్రతిసారీ ఎఫీకి మాస్టారు కనిపించారు. మొదటిసారి కంచె దగ్గర ఉన్నారు. రెండోసారి ఇసుక దారిలో. అక్కడ గాలి మళ్లినట్టుంది, ఆయన అడుగులు పెద్దవి చేశారు. మూడోసారి దూరంగా, శ్మశానం గోడ పక్కన, అరచేయంత మనిషి. ఆ తర్వాతి మలుపులో పచ్చిక దిబ్బ తప్ప ఏమీ లేదు. పాట పాటగా నడుస్తోంది, వేళ్లకు దారి తెలుసు. మూడో సంగతిలో మాత్రం జనం వెనక ఎక్కడో పాప గొంతు లేచింది. ఎఫీ చంక ఒక్క క్షణం సడలింది. శ్రుతి గొట్టాల్లో ఒకటి వణికి సర్దుకుంది.

ఇంకా అయిదుగురు ఊదారు. మాస్టారి కుర్చీ ఖాళీగానే ఉంది, తీర్పు కెప్టెన్ ఒక్కడే చెప్పాడు. రెండో స్థానం ఎఫీది.

"రెండోదంటే నీకు అలవాటేగా" అన్నాడు హెక్టర్, కవరు అందిస్తూ. "చెయ్యి మంచిదట. ఊపిరి ఒకచోట తడబడిందట. కెప్టెన్ రాశాడు."

"మాస్టారు ఎటు వెళ్లారు?"

"నువ్వు పంపించినవైపే."

పెగీ ఎదురొచ్చింది. చంకలో ఇష్‌బెల్ పిడికిళ్లు బిగించి, ఎర్రగా, ఎక్కిళ్లు పెడుతోంది. "ఇదిగో నీ తీర్పరి. దీనికి నీ పాట అస్సలు నచ్చలేదు. అయిదున్నరకి పడవ, గుర్తుందా? నేను వ్యాను రేవు దగ్గర పెడతాను."

ఒక భుజాన తిత్తి పెట్టె, ఒక చంకన పిల్లతో ఎఫీ ఇసుక దారి పట్టింది. పచ్చిక దిబ్బ అవతల, ఒక రాతిగోడకు చేరబడి, మాస్టారు బూటులో పడ్డ ఇసుక దులుపుకుంటున్నారు.

"ఎంతవరకు వినిపించింది మాస్టారూ?"

"మొదటి వరస. గాలి ఇటు తిరిగితే నేనేం చెయ్యను. అక్కణ్ణుంచి నడక పెంచాను. మోకాలు బూతులు తిట్టింది, మళ్లీ వెనక్కి రానంది." బూటు తొడుక్కున్నారు. "ఆ కెప్టెన్ ఎప్పుడూ అదే అడుగుతాడు. రెండోది అడగలేదుగా? నాన్నమ్మల పాట? సరే. మూడోది?"

"అడగలేదు."

"ఊఁ."

పాప గట్టిగా ఏడుస్తోంది. దాని ఏడుపు మీదినుంచే ఎఫీ చెప్పింది. "మీ పేరు కావాలనే రాయలేదు. రాస్తే లేచి వెళ్లిపోతారని."

"తెలిసింది. వినిపించడానికి ఆ బల్లే కావాలా? నా గుమ్మం ఏమైంది?"

"మొదటి బుధవారం రాలేకపోయాను. తర్వాత రావడానికి ముఖం చెల్లలేదు."

"నాలుగింటికి నీళ్లు పొయ్యి మీద పెడుతూనే ఉన్నాను. నీ కోసం కాదులే. నేను టీ తాగొద్దూ?" ఆయన సముద్రం వైపు చూశారు. "పేరు రాయకపోతే రాయకపోయావు. నలుగురూ అనుకునేదేమిటంటే, ముసలాడు ఎవరికీ ఏమీ ఇవ్వకుండా పోతున్నాడని. అది మాత్రం నేను కూర్చుని చూడలేను."

ఎఫీ పెట్టె కింద పెట్టింది. "పోటీ అయిపోయింది కదా. ఇప్పుడు ఊదుతాను. పీకలింకా వెచ్చగానే ఉన్నాయి."

"ముందు దాని పని చూడు. శ్రుతి తప్పి అరుస్తోంది."

ఆయన వీపు తిప్పుకుని నిలబడ్డారు. గాలి తగలకుండా ఎఫీ గోడ మొదట్లో కూర్చుని, శాలువా కప్పుకుని పాపను రొమ్ముకు పెట్టుకుంది. ఏడుపు ఒక్కసారిగా తెగింది. అలల చప్పుడు, గుటకల చప్పుడు. అవతల పడవ పొగ కనిపిస్తోంది. పాప తాగడానికి ఎంత లేదన్నా పావుగంట. ఈలోగా పెట్టెలో పీకలు చల్లారిపోతాయి. మళ్లీ శ్రుతి చేసుకోవడానికి ఇంకో పావుగంట. ఆ రెంటికీ మధ్య పడవ వచ్చి వెళ్లిపోతుంది. తొందరగా తాగవే తల్లీ అనుకుంది, అనుకున్నందుకు తనను తానే తిట్టుకుంది. పొలమారితే?

కళ్లు మూసుకుంది. పాప వీపు మీద, శాలువా అంచున, ఆమె రెండు చేతుల వేళ్లూ వాటంతటవే ఒకదాని కింద ఒకటి సర్దుకున్నాయి. నల్లరేవు శోకానికి నేల మొదలైంది. ఒక వేలు లేచింది, నిలిచింది, వాలింది. చప్పుడు లేదు.

ఏదో చెప్పబోయి మాస్టారు వెనక్కి తిరిగారు. ఆ వేళ్లు చూసి, కర్ర సాయంతో మెల్లగా వంగి, ఎదురుగా గడ్డి మీద కూర్చున్నారు.

మొదటి సంగతి అయింది. రెండోది సగంలో ఉండగా ఆయన అన్నారు: "ఆ ఉంగరపు వేలు తొందరపడుతోంది."

ఎఫీ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. వేళ్లు ఆగిపోయాయి.

"ఆపమన్నానా?"

ఆమె మళ్లీ ఎత్తుకుంది. ఈసారి కళ్లు మూసుకోలేదు. ఉంగరపు వేలిని ఒక గుక్కంత సేపు పట్టి ఉంచి వదిలింది. ఆయన గడ్డం కాస్త పైకి లేచింది. పాప తాగడం మానేసి నిద్రలోకి జారింది. ఆ చిన్న వీపు ఊపిరికి లేస్తూ పడుతూ ఉంటే, దాని మీద వేళ్లు నాలుగో సంగతిలోకి ఎక్కాయి.

రేవులో పడవ కూత వేసింది. రోడ్డు మీదినుంచి పెగీ రెండు చేతులూ ఊపుతూ పేరు పెట్టి పిలుస్తోంది. ఫార్కర్ మాస్టారు తల తిప్పకుండానే, వేళ్ల మీది చూపు వేళ్ల మీదే ఉంచి, ఆగమన్నట్టు కర్ర అటువైపు ఎత్తి పట్టుకున్నారు.