గులాబీ సబ్బు స్నానం

ఆ ఇల్లంతా సబ్బులవాళ్లే. మామగారు నూనెలు కాస్తారు, అత్తగారు అత్తర్లు కలుపుతుంది, మొగుడు అచ్చులు పోస్తాడు. అందుకే కోడలు పసివాడితో ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే, "ముందు స్నానం" అన్నారు. మనవడు పుట్టిన సంబరంలో మామగారు ఘాటుగా గులాబీ సబ్బు ఒకటి చేసి ఉంచారు. అత్తగారు దాంతో కోడలి మెడా ఛాతీ తోమి, పైన అదే వాసన నూనె కూడా పట్టించింది. ఈగ వాలితే మత్తెక్కి పడిపోవాల్సిందే.

పొద్దుటిదాకా జలగలా పట్టుకుని తాగినవాడు ఇప్పుడు రొమ్ము దగ్గరికి తెస్తే మొహం తిప్పేసుకున్నాడు. గుక్కపెట్టి ఏడ్చాడు.

"పాలు పడలేదేమోనే," అంది అత్తగారు.

"జాకెట్టు తడిసిపోతోంది అత్తయ్యా!"

"అయితే నీకు పట్టించడం చేతకావట్లేదు."

"డబ్బా పాలు తెమ్మంటాను," అన్నారు మామగారు గుమ్మం అవతలి నుంచి. మొగుడు వెంటనే చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కోడలికి ఒళ్లు మండిపోయింది. పొద్దున తల్లి, మధ్యాహ్నానికి దండగమనిషి! బిడ్డను మంచం మీద పడుకోబెట్టింది. అక్కడ ఆసుపత్రిలో కట్టి విడిచిన ఆమె మాసిన చీర పడి ఉంది. వాడు ఏడుపాపి, దాంట్లో మొహం దూర్చి, నోరు తెరిచి వెతికాడు.

ఆమెకు అంతా అర్థమైంది.

"వీడికి కళ్లింకా సరిగ్గా ఆనవు అత్తయ్యా. వాసనతోనే నన్ను పోల్చుకుంటున్నాడు. మీరు ఆ వాసనే కడిగేశారు! అత్తరు లేని సబ్బుముక్క ఒకటివ్వండి."

అత్తగారు ఇల్లంతా గాలించింది. సబ్బులవాళ్ల ఇంట్లో అలాంటిది ఒక్కటీ లేదు.

"మన సబ్బు వాసన అంత తేలిగ్గా పోదమ్మా," అన్నారు మామగారు. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

ఆ మాటకు ఆమె అరికాలి మంట నెత్తికెక్కింది. వేణ్నీళ్లలో గుడ్డ ముంచి తుడుచుకుంది. నీళ్లు మార్చి మళ్లీ తుడుచుకుంది. చర్మం కందిపోయినా ఆపలేదు. చివరికి తన పాలే నాలుగు చుక్కలు పిండి ఛాతీకి రాసుకుని, వాణ్ని మీద పడుకోబెట్టుకుంది.

వాడు ముక్కు ఆనించాడు. ఆగాడు. తల అటూ ఇటూ ఆడించి, గబుక్కున పట్టేశాడు.

ఏడుపు ఆగిపోయేసరికి మామగారు బయటి నుంచి ఆత్రంగా అడిగారు. "తాగుతున్నాడా? ఏం రాశావమ్మా?"

"నాది నేను రాసుకున్నాను మామయ్యా," అంది కోడలు, కోపం దాచుకోకుండానే. "మీది తుడిచేశాను."