బాలింత నడికట్టు మొర

నేను ఒక నడికట్టును. బాలింత పొట్టకు చుట్టే పాత నూలు గుడ్డను. అంతకుముందు చీరను. బండారులంకలో మగ్గం మీద పుట్టాను. మంగతాయారు అనే మహా ఇల్లాలు నన్ను కొని, ఏళ్ల తరబడి కట్టి, ఉతికి ఉతికి వెన్నలా చేసి, కూతురు వీరవేణి పురిటికి రాగానే నిలువునా చింపింది. చీర ముసలిదైతే మసిగుడ్డ కావడం న్యాయం. నాకేమో ఈ వయసులో కొత్త ఉద్యోగం ఇచ్చారు.

ఉద్యోగం ఏమిటంటే, సాగిన పొట్టను లోపలికి తోయడం. గుడ్డను, నేనేం తోస్తాను? అయినా మంగతాయారు రోజూ పొద్దున్నే కూతుర్ని గోడకు ఆనించి నిలబెట్టి, నా కొసలు పట్టుకుని బలమంతా పెట్టి లాగేది.

"ఊపిరి బిగబట్టవే! వదులుగా కడితే గాలి చేరిపోద్ది. పొట్ట బానలా ఉండిపోద్ది."

"అమ్మా, కిందకేదో జారిపోతన్నట్టుందే."

"బాలింతన్నాక ఏదోటి ఉంటాది. ఊరుకో."

వీరవేణి ఆర్టీసీ బస్సులో కండక్టరు. కుదుపుల్లో కడ్డీ పట్టుకుని నిలబడి, జనంలో దూరి టిక్కెట్లు కొట్టే మనిషి. సెలవు అయ్యేలోగా ఆ పనికి నడుము నిలుస్తుందా లేదా అన్నదే ఆమె బెంగ. ఆ నడుమేమో పిల్లను ఉయ్యాల్లోంచి ఎత్తడానికే మొరాయిస్తోంది.

మంచం మీద నుంచి లేవబోతే ఆమె పొట్ట మధ్య నిలువుగా ఒక గట్టు లేచేది. అది చూసి మంగతాయారు "అదిగో గాలి!" అని తీర్పు చెప్పి, మంచినీళ్లు తగ్గించి, నన్ను ఇంకాస్త బిగించేది. కూతురేమన్నా తక్కువ తిన్నదా? తల్లి అటు తిరగ్గానే, ఫోనులో ఎవరో సన్నటి అమ్మాయి చూపించినట్టు వెల్లకిలా పడుకుని, నడుము విరిగేలా లేచి కూర్చునేది, మళ్లీ పడుకునేది. గట్టు ఇంకా పెరిగింది. ఇద్దరి మధ్యా నలిగింది నేను.

ఒకరోజు పిల్లకు టీకా వేయించడానికి ఆటోలో వెళ్తుంటే ఎదురుగా కూర్చున్న పెద్దావిడ "ఎన్నో నెలమ్మా?" అని అడిగింది. ఒళ్లో బిడ్డ ఉండగానే! వీరవేణి కళ్లు తుడుచుకుంటూ దిగి, టీకా కాగానే అదే ఆస్పత్రిలో ఫిజియోథెరపీ గదికి వెళ్లింది.

అక్కడి డాక్టరమ్మ ఎస్తేరు నన్ను విప్పింది. హమ్మయ్య అనుకున్నాను. వీరవేణిని పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తమని, బొడ్డు పైన వేళ్లు ఆనించింది. అవి మెత్తగా లోపలికి దిగాయి.

"గాలీ కాదు, కొవ్వూ కాదమ్మా. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట కండలు చెరో పక్కకీ జరిగాయి, ఇంకా దగ్గరికి రాలేదు. ఇంత బిగిస్తే ఒత్తిడంతా కిందకి పడుతుంది. ఆ లేచి కూర్చోడాలు ఇప్పుడే వద్దు. పక్కకి తిరిగి, చెయ్యి ఆనించి లేవండి. ఊపిరి వదులుతూ పొట్ట మెల్లగా లోపలికి తీసుకోండి."

"డ్యూటీకి వెళ్లగలనా అండీ?"

"వెళ్తారు. కాస్త ఓపిక పట్టాలి."

ఇంటికొచ్చి చెబితే మంగతాయారు మండిపడింది. "ఊపిరి వదలడానికి డాక్టరు కావాలా? పుట్టినకాడ్నించీ నేను చేత్తన్నదదే!"

వీరవేణి మాత్రం నన్ను పక్కన పడేసి, తలుపేసుకుని, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. వారాలు గడిచాయి. గట్టు తగ్గింది, నడుము మాట వినడం మొదలుపెట్టింది.

డ్యూటీలో చేరే రోజు ఖాకీ చొక్కా వేసుకుంటుంటే, మంగతాయారు మళ్లీ నన్ను పట్టుకుని తయారైంది.

"వద్దమ్మా."

మంగతాయారు మంచం మీద కూలబడింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నా విసుగంతా చల్లారిపోయింది.

"నువ్వు పుట్టినప్పుడు మా అత్త నాకు కట్టు కట్టలేదే. అందుకే నా పొట్ట ఇలా ఉండిపోయిందనుకున్నాను. నీకూ అలాగే అవుద్దేమోనని..." తలుపు దగ్గరికి వేసి వచ్చి పడుకుంది. "ఆ డాక్టరమ్మ చూసినట్టు నన్నూ ఓసారి చూడవే."

వీరవేణి బొడ్డు పైన వేళ్లు ఆనించింది. నాలుగూ దిగిపోయాయి. నేను చీరగా ఉన్న రోజుల నుంచీ ఆ గుంట నాకు తెలుసు. గుడ్డను ఎవరు అడుగుతారు?

"ఇన్నేళ్లూ గాలనుకున్నానే," అంది మంగతాయారు. "ఇప్పుడింక దగ్గరికొత్తాయా?"

వీరవేణి వంగి ఉయ్యాల్లోంచి పిల్లను ఎత్తుకుంది. నడుము ఎక్కడా మొరాయించలేదు.

"పక్కకి తిరిగి లే అమ్మా. నా బస్సు ఆస్పత్రి ముందు నుంచే వెళ్తుంది."

మంగతాయారు పక్కకి తిరిగి లేచింది. అలవాటుగా నా మీద చెయ్యి వేసి, ఎవరికీ చుట్టకుండానే మంచం మీద వదిలి, పిల్లను అందుకుని బయల్దేరింది.